ఆన్‌లైన్ సేవలు వెతకగానే దొరకాలంటే, దొరికాక పని పూర్తవ్వాలంటే

ఫిర్యాదు చేయడానికి మీ వెబ్‌సైటులో పేజీ ఉంది. చిరునామా మార్చుకోవడానికి ఫారం ఉంది. డబ్బు వాపసు అడగడానికీ ఒక దారి ఉంది. అయినా అవే ప్రశ్నలతో రోజూ ఫోన్లు మోగుతున్నాయంటే, ఆ సేవలు జనానికి కనపడడం లేదన్నమాట. లేదా మొదలుపెట్టినవారు సగంలోనే వదిలేస్తున్నారన్నమాట. ఈ రెండూ వేర్వేరు జబ్బులు. చాలా సంస్థలు రెండింటికీ ఒకటే మందు వేస్తాయి: వెబ్‌సైటుకు కొత్త రంగులు, కొత్త బొమ్మలు. దాంతో ఏదీ నయం కాదు.

సంస్థల తరఫున వెబ్‌సైట్లు, యాప్‌లు నడిపేవారి కోసం ఇది రాస్తున్నాను. సంస్థ చిన్నదైనా పెద్దదైనా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా చేయాల్సిన పనులు ఇవే. ఒక్క సంగతి మొదటే మనసులో పెట్టుకోండి. సహాయం కోసం వచ్చేవారు తీరిగ్గా రారు. డబ్బు పోయిందనో, సరుకు అందలేదనో, గడువు దాటిపోతోందనో కంగారుగా వస్తారు. ఆ కంగారులో ఉన్నవారికి అర్థమయ్యేలా చేస్తే మిగతావారికి ఎలాగూ అర్థమవుతుంది.

1. జనం ఏ పని మీద వస్తున్నారో వారి మాటల్లోనే రాసుకోండి

కంప్యూటర్ ముట్టుకోకముందే చేయాల్సిన పని ఇది. ఒక నెల రోజుల ఫోన్ కాల్స్ వివరాలు, వచ్చిన ఈమెయిళ్లు, మీ వెబ్‌సైటులోని వెతుకుడు పెట్టెలో జనం టైపు చేసిన మాటలు తెప్పించుకోండి. కౌంటర్ ఉంటే అక్కడ కూర్చునే ఉద్యోగితో ఒక పూట గడపండి. జనం ఎక్కడ తడబడతారో ఆ ఉద్యోగికి తెలిసినంత మరెవరికీ తెలియదు. విచిత్రం ఏమిటంటే వెబ్‌సైటు తయారుచేసే సమావేశాలకు ఆ ఒక్కరినే పిలవరు.

రాసుకునేటప్పుడు మాటలు మార్చకండి. 'నా ఫోన్ నంబరు మారింది, కొత్తది ఎక్కడ ఇవ్వాలి?' అని ఒకరు అడిగితే దాన్ని 'సంప్రదింపు వివరాల సవరణ' అని దిద్దకండి. రేపు వారు సెర్చ్‌లో టైపు చేసేది మొదటి వాక్యంలోని మాటలే. జాబితా పూర్తయ్యాక లెక్కపెట్టి చూడండి. పదో పన్నెండో పనులే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. మొదట బాగుచేయాల్సినవి అవే. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

2. సేవకు పని పేరు పెట్టండి, బ్రాండు పేరు కాదు

కొత్త సేవ మొదలుపెట్టగానే దానికొక ముద్దుపేరు, ఒక చిహ్నం తయారుచేయాలని సంస్థలకు ఉబలాటం. ఆ పేరు లోపలివారికి తప్ప ఎవరికీ తెలియదు. తెలియని పేరును ఎవరూ వెతకలేరు. బ్రిటన్ ప్రభుత్వం 2012లో జీవోవీ డాట్ యూకే పేరుతో తన శాఖల వెబ్‌సైట్లను ఒకచోటికి తేవడం మొదలుపెట్టింది. అక్కడ సేవలకు శాఖల పేర్లు ఉండవు, పనుల పేర్లు ఉంటాయి. 'ఓటు నమోదు చేసుకోండి', 'పాస్‌పోర్టు పునరుద్ధరించుకోండి' అన్న పద్ధతి. ఏ పని ఏ శాఖ కిందికి వస్తుందో పౌరులు తెలుసుకోవలసిన అవసరం లేదన్నది దాని వెనకున్న ఆలోచన. ఎవరైనా కళ్లు మూసుకుని అనుసరించవచ్చు.

పేరు క్రియతో ముగిస్తే సగం చిక్కు తీరుతుంది. 'వాపసు విధానం' అంటే అదొక నిబంధనల పత్రం అనిపిస్తుంది. 'డబ్బు వాపసు అడగండి' అంటే అక్కడ పని జరుగుతుందని తెలుస్తుంది. ఇదే పేరు పేజీ శీర్షికలోనూ, బ్రౌజర్ ట్యాబ్‌లో కనిపించే టైటిల్‌లోనూ, దారి చూపే లింకు మీదా ఉండాలి. లింకు మీద ఒక పేరు, తెరిచాక ఇంకో పేరు కనిపిస్తే మనిషి తప్పు చోటుకు వచ్చాననుకుని వెనక్కి వెళ్లిపోతాడు.

3. బయటి నుంచి వెతికేవారికి దొరికేలా చూడండి

చాలామంది మీ ముఖద్వారం గుండా రారు. సెర్చ్ ఇంజిన్‌లో నాలుగు ముక్కలు టైపు చేసి నేరుగా లోపలి పేజీలో దిగుతారు. కాబట్టి మీ జాబితాలోని పది ప్రశ్నలనూ మీరే సెర్చ్‌లో టైపు చేసి చూడండి. లాగిన్ లేకుండా, సంస్థతో సంబంధం లేనివారి ఫోనులో చూడండి. తమ భాషను ఇంగ్లిషు అక్షరాల్లో టైపు చేసేవారు చాలామంది కాబట్టి అలా కూడా వెతకండి. మీ పేజీ కనపడకపోతే కారణం ఎక్కువగా కింది వాటిలో ఒకటై ఉంటుంది.

పేజీ లాగిన్ వెనక ఉంటుంది. లోపలికి వెళ్లాక కనిపించే ఫారం సంగతి సరే, ఆ సేవ ఏమిటో, ఎలా పొందాలో చెప్పే పేజీ మాత్రం అందరికీ తెరిచి ఉండాలి. లేదా సమాచారమంతా బొమ్మలోనో, స్కాన్ చేసిన కాగితంలోనో ఉంటుంది. దాన్ని సెర్చ్ ఇంజిన్ సరిగా చదవలేదు, చూపులేనివారికి చదివి వినిపించే స్క్రీన్ రీడరూ చదవలేదు. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ అక్షరాలను ఒకేలా గుర్తించే పద్ధతి) కాని పాత ఫాంట్లతో తయారైన ఫైళ్లకూ ఇదే గతి. ఇంకొకటి ఊహించనిది: వెబ్‌సైటు పరీక్షలో ఉన్నప్పుడు సెర్చ్ ఇంజిన్లకు కనపడకుండా పెట్టిన 'నోఇండెక్స్' ఆదేశాన్ని తీయడం మరిచిపోయి ఉంటారు. ఒక్క వరుస కోడ్ తీసేస్తే చాలు.

వెబ్‌సైటును మార్చినప్పుడు పాత చిరునామాలను చంపేయకండి. బిల్లుల మీద, రసీదుల మీద, జనం దాచుకున్న మెసేజీల్లో ఆ చిరునామాలు ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. పాతదాని మీద నొక్కినవారు కొత్త పేజీకి చేరేలా శాశ్వత మళ్లింపు పెట్టించండి. సాంకేతిక సిబ్బందికి '301' అని చెబితే అర్థమవుతుంది. పాతవాటిని అన్నింటినీ ముఖపేజీకి మళ్లించడం మాత్రం పరిష్కారం కాదు. వెతికేవారిని మళ్లీ మొదటికి తెచ్చి వదిలినట్టే.

4. ఫోన్ నంబరును దాచకండి

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కాల్స్ తగ్గించుకోవాలని కొన్ని సంస్థలు నంబరును ఐదారు పేజీల లోతున పెడతాయి, కొన్ని పూర్తిగా తీసేస్తాయి. నంబరు లేకపోతే మనిషి ఊరుకుంటాడా? సంస్థ పేరు పక్కన 'కస్టమర్ కేర్ నంబరు' అని సెర్చ్‌లో టైపు చేస్తాడు. ఆ వెతుకులాట కోసమే మోసగాళ్లు కాచుకుని ఉంటారు. నకిలీ పేజీలు, నకిలీ ప్రకటనలు, మ్యాపుల్లో నకిలీ నంబర్లు పెట్టి ఎదురుచూస్తుంటారు.

మా మేనత్తకు ఇలాగే జరిగింది. వాపసు రావలసిన డబ్బు రాలేదు. యాప్‌లో ఎంత వెతికినా మనిషితో మాట్లాడే దారి కనపడలేదు. సెర్చ్‌లో దొరికిన నంబరుకు ఫోన్ చేస్తే అవతలి గొంతు ఎంతో మర్యాదగా, ఆమె ఫోను తెర అవతలివారికి కనిపించేలా చేసే ఒక యాప్ వేసుకోమంది. ఆ సమయానికి కొడుకు ఇంటికి రావడంతో గండం గడిచింది. ఆమె చేసిన తప్పేమీ లేదు. సహాయం కావాలి, సహాయం పేరుతో మొదట కనపడిన తలుపు తట్టింది. అసలు తలుపును దాచినవారిదే ఆ బాధ్యత అని నేను నమ్ముతాను.

అందుకే ముందు మీ నంబరు, పనివేళలు, ఈమెయిలు ఒకే పేజీలో, లాగిన్ అవసరం లేకుండా, మామూలు అక్షరాల్లో ఉంచండి. సంప్రదింపుల వివరాలను సెర్చ్ ఇంజిన్లు గుర్తుపట్టేందుకు స్కీమా డాట్ ఆర్గ్ (పేజీలో ఏ వివరం ఏమిటో సెర్చ్ ఇంజిన్లకు చెప్పే గుర్తుల పట్టిక) పద్ధతిలో గుర్తులు పెట్టమని సాంకేతిక సిబ్బందిని అడగండి. మ్యాపుల్లో మీ సంస్థ వివరాలు ఎవరి చేతిలో ఉన్నాయో కనుక్కుని, మీ పేరిట ధ్రువీకరించుకోండి. నెలకొకసారి మీ సంస్థ పేరుతో మీరే వెతికి, నకిలీ నంబరు కనపడితే వెంటనే ఫిర్యాదు చేయండి. 'మేము ఓటీపీ, పిన్, పాస్‌వర్డ్ ఎప్పుడూ అడగం, ఏ యాప్ వేసుకోమనీ చెప్పం' అన్న మాటను నంబరు పక్కనే రాయండి. హెచ్చరికల పేజీ వేరే పెడితే దాన్ని ఎవరూ చదవరు.

5. సహాయం లింకు ప్రతి పేజీలో ఒకేచోట ఉండాలి

ఇది నా అభిరుచి మాత్రమే కాదు. వెబ్ ప్రమాణాలను రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2023 అక్టోబరులో విడుదల చేసిన డబ్ల్యూసీఏజీ 2.2 (వైకల్యం ఉన్నవారు సహా అందరూ వెబ్‌సైట్లు వాడగలిగేలా చేసే) మార్గదర్శకాల్లో ఇదొక నియమం. సహాయం లింకో, ఫోన్ నంబరో పలు పేజీల్లో ఉంటే అది ప్రతి పేజీలో అదే వరుసలో రావాలి. ఒకచోట పైన, మరోచోట అడుగున, ఇంకోచోట మెనూ తెరిచే మూడు గీతల బొమ్మ వెనక ఉంటే ప్రతిసారీ కొత్తగా వెతుక్కోవాలి. బొమ్మ పెట్టినా దాని పక్కన 'సహాయం' అన్న మాట కూడా ఉంచండి. ముఖపేజీ పైభాగాన్ని జరిగిపోయే ప్రకటనలకు ఇచ్చి ఎక్కువమందికి కావలసిన పది పనులను అడుగుకు నెట్టకండి.

మీ వెతుకుడు పెట్టె అక్షరదోషాలను క్షమించాలి. ఏమీ దొరకనప్పుడు 'ఫలితాలు లేవు' అని ఆపేయకుండా ఆ పది పనులనూ, ఫోన్ నంబరునూ అక్కడే చూపించాలి.

6. మొదలుపెట్టకముందే ఏమేం కావాలో చెప్పండి

ఫారంలో మూడు వంతులు నింపాక 'ఈ పత్రం జతచేయండి' అని కనపడితే మనిషికి ప్రాణం విసిగిపోతుంది. మొదటి పేజీలోనే చెప్పేయండి: ఈ సేవ ఎవరికి, ఎంత సమయం పడుతుంది, రుసుము ఉందా, ఏ పత్రాలు కావాలి, ఫైలు ఏ రకంలో ఎంత సైజులో ఉండాలి. ఫైలు విషయంలో ఒక విన్నపం. ఫోనుతో తీసిన ఫొటోలు పెద్దవిగానే ఉంటాయి. వాటిని చిన్నవి చేసే పని మీ సర్వర్ చేయగలదు, దాన్ని జనం నెత్తిన వేయకండి.

7. ఫారంలో ప్రతి ప్రశ్నా తన ఉనికికి సంజాయిషీ ఇవ్వాలి

సగంలో వదిలేసేవారిలో ఎక్కువమంది ఇక్కడే వదిలేస్తారు. ఫారంను కాగితం మీద ముద్రించుకుని ఒక్కో ప్రశ్న పక్కన రాయండి: ఈ జవాబు ఎవరు వాడతారు, దేనికి? జవాబు దొరకని ప్రశ్నను కొట్టేయండి. సరుకు రాలేదని చెప్పడానికి పుట్టినతేదీ ఎందుకు?

మిగిలిన ప్రశ్నలను ఒక్కో తెర మీద ఒక్కో విషయం చొప్పున అడగండి. చిన్న ఫోనులో ఇది ఎంతో తేలిక. ప్రశ్న, జవాబు రాసే పెట్టెకు పైన ఉండాలి. పెట్టె లోపల లేత బూడిద రంగులో రాసే సూచన టైపు చేయడం మొదలవగానే మాయమవుతుంది, అప్పుడు అక్కడ ఏమి అడిగారో గుర్తుండదు. ఒకసారి చెప్పిన వివరాన్ని అదే ఫారంలో మళ్లీ టైపు చేయించడం కూడా పైన చెప్పిన మార్గదర్శకాలు వద్దన్న పనే. ముందు నింపినదాన్ని మీరే తెచ్చి చూపించాలి.

పేర్ల దగ్గర మరీ జాగ్రత్త. ఇంటిపేరు లేనివారున్నారు, ఒకే అక్షరం ఇంటిపేరుగా రాసుకునేవారున్నారు, ఏడెనిమిది పదాల పేర్లున్నవారూ ఉన్నారు. 'ఇంటిపేరు కనీసం మూడు అక్షరాలు' అని ఫారం మొండికేస్తే వారు తమ పేరునే మార్చి రాయాలి. ఒకే పెట్టెలో 'పూర్తి పేరు' అడిగితే గొడవ ఉండదు. ఫోన్ నంబరు మధ్యలో ఖాళీలు, గీతలు ఉంటే వాటిని కంప్యూటరే తీసేసుకోవాలి, మనిషిని తిట్టకూడదు. ఖాతా నంబరు వంటివాటికి వెబ్‌లోని 'నంబర్' రకం పెట్టె వాడకండి. మౌస్ చక్రం పొరపాటున తిరిగితే కొన్ని బ్రౌజర్లలో ఆ అంకె మారిపోతుంది. మామూలు పెట్టెకే అంకెల కీబోర్డు వచ్చేలా చేయవచ్చు. 'ఆటోకంప్లీట్' గుర్తులు సరిగా ఇస్తే పేరు, చిరునామాలను ఫోను తానే నింపుతుంది.

తప్పు దొర్లినప్పుడు చూపే సందేశాన్ని ఆ పెట్టె పక్కనే, ఎలా దిద్దుకోవాలో చెబుతూ రాయండి. 'చెల్లని ఇన్‌పుట్' అంటే ఎవరికీ ఏమీ తెలియదు. 'బిల్లు నంబరులో పది అంకెలు ఉండాలి, మీరు తొమ్మిది ఇచ్చారు' అంటే చిటికెలో దిద్దుకుంటారు. ఒక్క తప్పుకు ఫారం మొత్తం ఖాళీ అయిపోవడాన్ని మాత్రం క్షమించలేం. అరగంట శ్రమను తుడిచేయడం అది.

చివరి బటన్ నొక్కాక ఏమీ జరగనట్టుంటే మళ్లీ నొక్కుతారు, రెండుసార్లు డబ్బు కట్టేస్తారు. స్పందన ఒక సెకను దాటితే ఆలోచన తెగుతుందని, పది సెకన్లు దాటితే దృష్టి మరలిపోతుందని కంప్యూటర్ల వాడకాన్ని సులువు చేయడంలో నిపుణుడైన జాకబ్ నీల్సన్ 1993లోనే ఈ రంగంలోని వారికి చెప్పారు. 'మీ వివరాలు పంపుతున్నాం, మళ్లీ నొక్కకండి' అన్న మాట వెంటనే కనిపించాలి. అది చాలదు, రెండోసారి నొక్కినా రెండో చెల్లింపు జరగకుండా సర్వర్‌లోనూ అడ్డుకట్ట ఉండాలి.

8. లాగిన్ దగ్గర చిక్కుముడులు విప్పండి

ఫోన్ నంబరు మార్చాలని వచ్చినవారికి పాత నంబరుకు ఓటీపీ పంపే సేవలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ నంబరు పోయిందనే కదా వారు వచ్చింది! మీ పది పనుల్లో ప్రతిదానికీ ఈ ప్రశ్న వేయండి: ఏది పోగొట్టుకుని వచ్చారో దాన్నే మనం అడుగుతున్నామా? అలాంటి చోట గుర్తింపు పత్రంతోనో, ఇంకో మార్గంలోనో రుజువు చేసుకునే దారి ఇవ్వండి. ఆ దారి పకడ్బందీగానూ ఉండాలి, ఎందుకంటే దొంగలూ అటే వస్తారు.

లాగిన్ అక్కర్లేని పనికి లాగిన్ అడగకండి. పాస్‌వర్డ్ పెట్టెలో అతికించడాన్ని నిషేధించకండి, పాస్‌వర్డ్‌లను దాచిపెట్టే యాప్ (పాస్‌వర్డ్ మేనేజర్) వాడేవారికి అది అడ్డంకి. వంకర అక్షరాలు చదవమనే పరీక్షలు చూపు తక్కువవారికి గోడలాంటివి. లాగిన్ గడువు పూర్తయి బయటికి పంపేముందు హెచ్చరించండి, ఇంకొంత సమయం కావాలా అని అడగండి.

9. అన్ని కళ్లకూ, అన్ని చేతులకూ

ప్రపంచంలో దాదాపు 130 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు, గణనీయమైన వైకల్యంతో జీవిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారికి తోడు కళ్లజోడు మరిచిపోయినవారు, ఎండలో నిలబడి తెర చూస్తున్నవారు, బిడ్డను ఎత్తుకుని ఒక చేత్తో టైపు చేస్తున్నవారు. మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య వెలుగులో తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలి. దాన్ని కొలిచే ఉచిత సాధనాలు బ్రౌజర్లలోనే ఉన్నాయి. నొక్కే బటన్లు కనీసం 24 పిక్సెళ్ల పొడవు వెడల్పులు ఉండాలన్నది ప్రమాణం, నన్నడిగితే ఫోనులో దానికి రెట్టింపు ఉంచండి. తప్పును ఎర్ర రంగుతో మాత్రమే చూపకండి, మాటల్లోనూ చెప్పండి. మౌస్ పక్కన పెట్టి కీబోర్డుతోనే ఫారం పూర్తిచేసి చూడండి, చాలా లోపాలు మీకే కనిపిస్తాయి.

భాష ఎంచుకునే చోట ప్రతి భాష పేరూ దాని లిపిలోనే ఉండాలి. జెండాలు వద్దు, జెండా దేశానిది, భాషది కాదు. ఇంకో మాట: ముఖపేజీని మాత్రం అనువదించి ఫారంనూ, తప్పుల సందేశాలనూ వదిలేస్తే, మనిషికి సరిగ్గా అవసరమైన చోట భాష చెయ్యి వదిలేసినట్టు.

10. చాట్‌బాట్ ఉంటే, దాన్ని దాటే తలుపు కూడా ఉండాలి

పనివేళలు చెప్పడానికి, ఫిర్యాదు ఎంతవరకు వచ్చిందో చూపడానికి చాట్‌బాట్ (టైపు చేసిన ప్రశ్నలకు తానే జవాబిచ్చే ప్రోగ్రాం) బాగానే పనికొస్తుంది. దానికి తెలియని సంగతి రెండోసారి అడిగినప్పుడు మనిషికి అప్పగించాలి. అప్పగించేటప్పుడు అప్పటిదాకా చెప్పినదంతా ఆ ఉద్యోగి ముందు ఉండాలి. ఒకటే గోడును ముగ్గురికి మూడుసార్లు చెప్పుకోవడం కంటే నీరసం తెప్పించేది లేదు. మనుషులు అందుబాటులో లేని వేళ అయితే ఆ మాటే చెప్పి, ఎప్పుడు ఫోన్ చేస్తారో చెప్పండి.

11. పంపిన తర్వాత ఏమవుతుందో చెప్పండి

'ధన్యవాదాలు' అన్న ఒక్క ముక్కతో వదిలేయకండి. నమోదు సంఖ్య, తేదీ, తర్వాత ఏమి జరుగుతుంది, ఎన్ని రోజుల్లో, ఆ గడువు దాటితే ఎవరిని అడగాలి, ఇవన్నీ తెర మీదా, మెసేజ్‌లోనూ, ఈమెయిల్‌లోనూ ఇవ్వండి. ఆలస్యమైతే వారు అడగకముందే మీరు చెప్పండి. 'నా ఫిర్యాదు ఏమైంది' అని వచ్చే కాల్స్ దీంతోనే చాలావరకు ఆగుతాయి. అలాగే సేవలో చేరడం రెండు నొక్కుళ్లలో అయితే మానుకోవడం కూడా అంత తేలిగ్గానే ఉండాలి. దాన్ని కష్టం చేసి నిలుపుకొన్నవారు మీ మీద కోపంతోనే ఉంటారు.

12. ఐదుగురిని కూర్చోబెట్టి, మీరు నోరు మూసుకుని చూడండి

ఐదుగురితో పరీక్షిస్తే చాలా లోపాలు బయటపడతాయని, ఒకేసారి పెద్ద పరీక్ష కంటే చిన్న పరీక్షలు పలుమార్లు చేయడం మేలని నీల్సన్ 2000లో రాశారు. ఆ ఐదుగురు మీ ఉద్యోగులు కాకూడదు. ఒకరు పెద్ద వయసువారు, ఒకరు స్క్రీన్ రీడర్ వాడేవారు, ఒకరు పాత చవక ఫోనున్నవారు ఉంటే మంచిది. 'మీకు వచ్చిన బిల్లు తప్పు అనుకోండి, ఏమి చేస్తారు?' అని అడిగి చేతులు కట్టుకోండి. సెర్చ్ నుంచి మొదలుపెట్టనివ్వండి. తడబడినప్పుడు దారి చూపాలని మీకు ఎంతో అనిపిస్తుంది. చూపకండి, వారు ఆగిన చోటు రాసుకోండి. కోడ్ రాసినవారిని ఒక మూల కూర్చోబెడితే వంద పేజీల నివేదిక చేయలేని పని ఆ గంటలో జరుగుతుంది.

బాగుచేశాక కాల్స్ తగ్గాయా అని మాత్రమే కొలవకండి. నంబరు దాచినా కాల్స్ తగ్గుతాయి. మొదలుపెట్టినవారిలో ఎందరు పూర్తిచేశారు, అదే పని మీద వారంలోపు మళ్లీ ఎందరు వచ్చారు అన్న రెండు అంకెలు నిజం చెబుతాయి. ఆ పది పనుల పేజీలు ఒక్కోదానికి ఒక్కో ఉద్యోగిని బాధ్యులుగా పెట్టి, పేజీ అడుగున 'చివరిసారి సరిచూసిన తేదీ' వేయించండి. మూడు నెలలు దాటిన తేదీ కనిపిస్తే ఆ ఉద్యోగి మొదటి పనిలోని జాబితా పట్టుకుని మళ్లీ సెర్చ్ దగ్గర కూర్చోవాలి.